కీళ్పాక్కం నుంచి క్లెయిము ఫారం దాకా

ఈసారి కాస్త పెద్దదే రాస్తున్నాను. తీరిక చూసుకొని చదవండి.

మదరాసు వైపు ఎవరైనా కొంచెం తిక్కగా మాట్లాడితే "కీళ్పాక్కం కేసు" అనేస్తారు. హైదరాబాదులో అయితే "ఎర్రగడ్డకు పంపాలి" అంటారు. విశాఖపట్నం వాళ్లకు చినవాల్తేరు, బెంగుళూరు వాళ్లకు నింహాన్స్, ఉత్తరాది వాళ్లకు ఆగ్రా, రాంచీ. ఏ ఊళ్లో ఆ ఆస్పత్రి ఉంటే ఆ ఊరి పేరే తిట్టు. వేలూరు పేరు ఎత్తితే పెద్దాస్పత్రి గుర్తొచ్చి దండం పెడతాం. పెరంబూరు అంటే గుండె ఆపరేషన్లు చేసే రైల్వే ఆస్పత్రి అని గొప్పగా చెప్పుకుంటాం. మధురై అంటే కంటి ఆస్పత్రి అంటాం. మనసుకు వైద్యం చేసే చోటు పేరు ఒక్కటే నోట్లో పడి తిట్టయిపోయింది.

ఈ తిట్టుకూ, మన ఆరోగ్య బీమా పాలసీ వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో అచ్చేసే "ఇవి వర్తించవు" అన్న జాబితాకూ దగ్గరి చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం ఎట్లా మొదలైంది, ఎట్లా కొంత తెగింది, ఇంకా ఎక్కడ మిగిలి ఉంది అన్నదే ఈ వ్యాసం.

నేను బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడింది తెలుగు. రెండు భాషల నడుమ పెరిగిన వాళ్లకు ఒక తమాషా తెలుస్తుంది. తెలుగులో పైత్యం చేసిందంటే ఒంట్లో పిత్తం పెరిగిందని. తల తిరుగుతుంది, నోరు చేదెక్కుతుంది. అవ్వలు అల్లం రసమో, ధనియాల కషాయమో ఇచ్చేవాళ్లు. అదే మాట తమిళంలో "పైత్తియం" అయ్యేసరికి పిచ్చి అని అర్థం. రెండూ పిత్తం నుంచి వచ్చినవే. ఆయుర్వేదంలో ఉన్మాదాన్ని కూడా వాత, పిత్త, కఫాల లెక్కలోనే చెప్పారు. అంటే పాతకాలం వైద్యుడి పుస్తకంలో ఒంటి జబ్బుకూ మనసు జబ్బుకూ మధ్య ఇప్పుడున్నంత ఎత్తు గోడ లేదు.

జనం నోట్లో మాత్రం వేరే సంగతి. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అని సామెత చేసి నవ్వుకున్నాం. గాలి సోకిందన్నాం, చేతబడి అన్నాం, పూర్వజన్మ పాపమన్నాం. నయం కావాలని షోళింగరు కొండకు, గుణశీలం గుడికి తీసుకెళ్లాం. దేవుడి దగ్గరికి వెళ్లడంలో తప్పేమీ లేదు. జ్వరమొచ్చినా మొక్కుకుంటాం, మొక్కుకొని డాక్టరు దగ్గరికీ వెళ్తాం. ఈ జబ్బుకు మటుకు చాలా ఇళ్లల్లో మొక్కుతోనే ఆగిపోయాం.

ఇక గోడల కాలం. మదరాసులో ఈస్టిండియా కంపెనీ సర్జను వాలెంటైన్ కొనోలీ 1794లో పిచ్చాస్పత్రి మొదలుపెట్టాడు. 1871లో అది కీళ్పాక్కంలోని లోకాక్స్ గార్డెన్స్ అనే తోటకు మారింది. మదరాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నంలోనూ, కాలికట్‌లోనూ ఇట్లాంటివే వెలిశాయి. నైజాములో ఆ ఆస్పత్రి చాలా కాలం జాల్నాలో ఉండేది. మన మహారాష్ట్ర సభ్యులకు జాల్నా తెలిసిన ఊరే. 1953లో అది హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. బెంగుళూరులో మైసూరు సర్కారు వారి మానసిక ఆస్పత్రీ, 1954లో పెట్టిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థా 1974లో కలిసి నింహాన్స్ అయ్యాయి.

వీటన్నిటినీ నడిపించిన చట్టం 1912 నాటి ఇండియన్ లూనసీ యాక్టు. దాని పేరే చెబుతుంది దాని స్వభావం. మనిషిని ఎట్లా లోపల పెట్టాలి, మేజిస్ట్రేటు ఎట్లా ఉత్తర్వు ఇవ్వాలి, ఆస్తిని ఎవరు చూసుకోవాలి అన్నవే అందులో ముఖ్యం. ఆస్పత్రిలో చేరేవాడు రోగి అన్న భావన కంటే, ఊరికి ప్రమాదం రాకుండా పెట్టవలసినవాడు అన్న భావన బలంగా ఉండేది. తరం తరువాత తరం అట్లా చూసిన జనానికి "ఆ ఆస్పత్రి" అంటే జైలు గుర్తొచ్చింది. అందుకే ఊరి పేరు తిట్టయింది. 1987లో కొత్త చట్టం చేసి, 1993 నుంచి అమలుకు తెచ్చేదాకా ఆ 1912 చట్టమే దిక్కు.

గోడ లోపల మంచి పనీ జరిగింది, అదీ చెప్పాలి. డాక్టరు శారదా మీనన్ గారు మంగళూరులో పుట్టి మదరాసులో చదివారు. మన దేశంలో తొలి మహిళా సైకియాట్రిస్టుగా పేరు పొందారు. 1961 నుంచి 1978 దాకా కీళ్పాక్కం ఆస్పత్రికి సూపరింటెండెంటుగా ఉన్నారు. లోపలున్నవాళ్లకు పని నేర్పించడం, ఇంటికి తిరిగి పంపించడం, బయట ఓపీ చూడడం అలవాటు చేశారు. రిటైరయ్యాక 1984లో స్కిజోఫ్రీనియా రోగుల కోసం స్కార్ఫ్ సంస్థను స్థాపించారు. ఆమె పట్టుపట్టి చెప్పింది ఒకటే, ఇది జబ్బు, దీనికి మందుంది, మనిషి తిరిగి పనికి వెళ్లగలడు అని.

కర్ణాటక సభ్యులు గర్వపడే సంగతి ఇంకొకటుంది. 1980లలో నింహాన్స్ డాక్టర్లు బళ్లారి జిల్లాలో ఒక ప్రయోగం చేశారు. మానసిక వైద్యాన్ని పెద్ద ఆస్పత్రి గోడల్లోంచి బయటికి తీసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దగ్గరికి తెచ్చారు. మామూలు డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదిచ్చారు. తెలుగు, కన్నడం కలిసి వినిపించే ఆ జిల్లాలో కుదిరిన పద్ధతే 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది.

ఇప్పుడు బీమా సంగతికి వస్తాను.

మన దేశంలో కార్మికుల వైద్య బీమా ఈఎస్ఐ. 1948లో చట్టమయింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో మొదలయింది. దాంట్లో దీర్ఘకాలం సెలవు పెట్టవలసిన జబ్బులకు ఒక జాబితా ఉంది. మొత్తం 34 జబ్బులు. క్షయ, కుష్టు, కాన్సరు ఉన్న ఆ జాబితాలోనే సైకోసిస్ కూడా ఉంది. అర్హత ఉన్న కార్మికుడికి ఆ జబ్బు చేస్తే జీతంలో 80 శాతం చొప్పున, మొత్తం రెండేళ్ల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. అంటే మనసు జబ్బుకు బీమా ఇవ్వడం కుదరని పని కాదు. మిల్లు కూలీకి, ఫ్యాక్టరీ కార్మికుడికి సర్కారు బీమా దాన్ని జబ్బుగానే లెక్కపెట్టింది.

మధ్యతరగతికి బీమా వచ్చింది 1986లో, మెడిక్లెయిమ్ అనే పేరుతో. నాలుగు ప్రభుత్వ జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలు దాన్ని అమ్మాయి. ఆ పాలసీలో వర్తించని వాటి వరస చూస్తే ఆనాటి సమాజం మనసు అద్దంలో కనిపిస్తుంది. నీరసం, విశ్రాంతి చికిత్స, సుఖవ్యాధులు, తనకు తాను చేసుకున్న గాయం, మత్తుపదార్థాల వాడకం, మద్యం, ఇవన్నీ ఒకే వాక్యంలో కట్టగట్టి పక్కన పెట్టారు. తరువాత వచ్చిన ప్రైవేటు పాలసీల్లో మానసిక జబ్బులు కూడా పేరుపేరునా ఆ కట్టలో చేరాయి.

కంపెనీల వాదన ఏమిటో న్యాయంగా చెప్పాలి కదా. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, మనసు విరిగితే దేంట్లో చూడాలి అన్నారు. ఈ జబ్బులు ఏళ్లతరబడి సాగుతాయి, ఖర్చు ఎంతవుతుందో అంచనా వేయడానికి మా దగ్గర లెక్కలు లేవన్నారు. జబ్బు దాచి పాలసీ తీసుకునేవాళ్లే ఎక్కువగా వస్తారన్నారు. తాగుడు విషయంలో, అది కోరి తెచ్చుకున్నది, దానికి డబ్బిస్తే తాగేవాడికి భయం పోతుందన్నారు.

ఈ వాదనల్లో ఒకదాన్ని, లెక్కలు లేవన్నదాన్ని, కాసేపు పట్టుకుందాం. లెక్కలు ఎందుకు లేవు? నేను పని చేసిన చోట సిక్ సర్టిఫికెట్లు నా బల్ల మీదుగానే వెళ్లేవి. మూడు దశాబ్దాలకు పైగా చూశాను. నడుంనొప్పి, విషజ్వరం, కామెర్లు, నీరసం అని రాసి ఉండేవి. మనసు జబ్బు అని ఉన్నది ఉన్నట్టు రాసిన సర్టిఫికెట్లు రెండు చేతుల వేళ్లకు సరిపోతాయి. మనిషిని చూస్తే తెలుస్తుంది, ఇంటివాళ్లు వచ్చి నెమ్మదిగా చెప్పుకునేవాళ్లు కూడా, కాగితంలో మాత్రం నడుంనొప్పే. పేరు చెడుతుందని, పై ఉద్యోగం రాదని, కూతురి పెళ్లి ఆగుతుందని భయం. "ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెత మనకు బాగా వంటబట్టింది. మనం దాచాం కాబట్టి లెక్క లేదు. లెక్క లేదు కాబట్టి బీమా లేదు. బీమా లేదు కాబట్టి మనిషి పెద్దాస్పత్రికి పోలేక ఇంకా దాచాడు. మూడు తాళ్లూ కలిసి ముడిపడ్డాయి.

తాగుడు సంగతి ఇంకా పాతది. 1937లో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధాన్ని మొట్టమొదట సేలం జిల్లాలో పెట్టింది. మన సేలం కుటుంబాల పెద్దలు దాని కథలు చెప్పేవాళ్లు. 1971లో తమిళనాడులో నిషేధం సడలింది. 1983లో టాస్మాక్ పుట్టింది, 2003 నుంచి చిల్లర అమ్మకం కూడా దానిదే. అటు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో ఆంధ్రదేశమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి, 1997లో సడలింపు వచ్చింది. ఆ రోజుల్లో ఏ దుకాణాలకు గిరాకీ పెరిగిందో యానాం సభ్యులకు నేను చెప్పక్కరలేదు.

ఈ అరవై ఏళ్ల గొడవలో గమనించవలసింది ఒకటుంది. అమ్మాలా, వద్దా అన్న దాని మీదే మాటంతా నడిచింది. అప్పటికే అలవాటుకు చిక్కినవాడి వైద్యం ఎవరు చేయాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్న ప్రశ్న సభల్లో పెద్దగా వినిపించలేదు. మదరాసులో ఆ ప్రశ్న అడిగి జవాబు కట్టిచూపినావిడ శాంతి రంగనాథన్ గారు. భర్తను తాగుడు వల్ల పోగొట్టుకున్నాక, 1980లో టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. జనం దాన్ని టీటీకే ఆస్పత్రి అంటారు. పేరున్న కుటుంబం కోడలు, దాచుకోవడానికి అన్ని వసతులూ ఉన్నావిడ, దాచుకోకుండా ఆస్పత్రి కట్టారు. తాగుడు వ్యసనం ఒక జబ్బనీ, రోగితో పాటు కుటుంబానికీ చికిత్స కావాలనీ అక్కడ నేర్పారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

తరువాత దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది ఏర్వాడి. రామనాథపురం జిల్లాలో దర్గా ఉన్న ఊరు. అన్ని మతాలవాళ్లూ మనసు జబ్బువాళ్లను అక్కడికి తీసుకొస్తారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక ప్రైవేటు ఆశ్రమం పాకకు నిప్పంటుకుంది. లోపలివాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. పరుగెత్తడానికి వీల్లేక 28 మంది కాలిపోయారు. సుప్రీం కోర్టు తానుగా కేసు చేపట్టి, ప్రతి రాష్ట్రాన్నీ ఇట్లాంటి చోట్ల లెక్క చెప్పమంది. ఆ 28 మందిని అక్కడ వదిలినవాళ్లందరూ కఠినాత్ములని నేను అనుకోను. ఆస్పత్రి ఖర్చు భరించలేనివాళ్లు, ఇంట్లో పెట్టుకొని కూలికి పోలేనివాళ్లు అందులో ఉంటారు. ఖర్చుకు దారి లేని చోట గొలుసు చవక.

మన పిల్లలు ఎందరో అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి కథ రెండు ముక్కలు చెప్తాను. అక్కడ కూడా కంపెనీలు మనసు జబ్బుకు తక్కువ పరిమితి, ఒంటి జబ్బుకు ఎక్కువ పరిమితి పెట్టేవి. దాన్ని మార్చడానికి ఇద్దరు సెనేటర్లు చేతులు కలిపారు. న్యూ మెక్సికోకు చెందిన పీట్ డొమెనిచి రిపబ్లికను, మినెసోటాకు చెందిన పాల్ వెల్‌స్టన్ డెమొక్రాటు. రాజకీయాల్లో ఉప్పూ నిప్పూ. కానీ ఒకరి కూతురికి, ఇంకొకరి అన్నకు మనసు జబ్బు. 1996లో మొదటి చట్టం వచ్చింది, దాంట్లో వ్యసనాలు లేవు. 2002లో వెల్‌స్టన్ విమాన ప్రమాదంలో పోయారు. 2008లో ఆ ఇద్దరి పేర్లతోనే రెండో చట్టం వచ్చింది, అందులో వ్యసన చికిత్స కూడా చేరింది. దిగువ సభలో దానికోసం పోరాడిన పాట్రిక్ కెనడీ, జిమ్ రామ్‌స్టాడ్ ఇద్దరూ తాము వ్యసనం నుంచి బయటపడినవాళ్లమని బహిరంగంగా చెప్పుకున్నవాళ్లే. మనసు జబ్బు నుంచి వ్యసనం దాకా రావడానికి ఆ దేశానికి పన్నెండేళ్లు పట్టింది. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

మన దగ్గర 2017 ఏప్రిల్ 7న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. 2018 మే 29 నుంచి అమలయింది. అందులో 21వ సెక్షను నాలుగో ఉపవిభాగం చిన్నది, బరువైనది. ఒంటి జబ్బు చికిత్సకు ఏ ప్రాతిపదికన వైద్య బీమా ఇస్తారో, మనసు జబ్బు చికిత్సకూ ప్రతి బీమా కంపెనీ అదే ప్రాతిపదికన ఇవ్వాలని దాని సారాంశం. అదే చట్టం మొదట్లో, మానసిక జబ్బు అంటే ఏమిటో చెప్పేచోట, మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో కూడిన మానసిక స్థితులను కూడా చేర్చారు.

హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018 ఆగస్టు 16న కంపెనీలకు సర్క్యులరు పంపింది. 2019 సెప్టెంబరులో మానసిక జబ్బును మినహాయింపుల్లో పెట్టడానికి వీల్లేదంది. అయినా పాత పాలసీల్లో పాత వాక్యాలే చూపి క్లెయిములు తిప్పికొట్టడం ఆగలేదు. 2021లో ఢిల్లీ హైకోర్టు ముందుకు అట్లాంటి కేసే వచ్చింది. చట్టం అమలయిన 2018 మే 29 నుంచే కంపెనీలు దానికి కట్టుబడాలని, పాత మినహాయింపు చూపడం చెల్లదని కోర్టు తీర్పిచ్చింది. 2022 అక్టోబరులో ఐఆర్‌డీఏఐ మళ్లీ, ఆ నెలాఖరులోగా అన్ని పాలసీల్లోనూ మానసిక జబ్బును చేర్చి తీరాలని ఆదేశించింది. చట్టం అమలయిన తరువాత కూడా కాగితం మారడానికి నాలుగేళ్లు పట్టింది. ఆఫీసు ఫైళ్లు చూసిన నాకు అది వింత కాదు, కానీ ఆ నాలుగేళ్లలో ఎన్ని ఇళ్లు బంగారం కుదువబెట్టాయో కదా.

మరి పని పూర్తయిందా? మూడు చోట్ల కాలేదు.

ఒకటి, 2019లో ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే భాషలో అచ్చువేసిన మినహాయింపుల జాబితాలో 12వది మద్యం, మాదకద్రవ్యాలు, ఏ రకమైన వ్యసనమైనా సరే, దాని చికిత్స, దాని పర్యవసానాలు. చాలా పాలసీల్లో ఈనాటికీ అది ఉంది. పార్లమెంటు చట్టం వ్యసనంతో వచ్చే మానసిక స్థితిని జబ్బు అంటుంది, పాలసీ కాగితం వర్తించదంటుంది. అమెరికాలో 1996కూ 2008కీ మధ్య ఉన్న చోటు గుర్తుందా? మనం ఇప్పుడు అక్కడే ఉన్నాం.

రెండు, మన ఆరోగ్య బీమా ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తుంది. మనసు జబ్బుల్లో చాలావాటికి మంచం అక్కరలేదు. నెలనెలా డాక్టరు, రోజూ మాత్ర, వారం వారం కౌన్సెలింగు. ఓపీ కవరు లేని పాలసీలో ఇవన్నీ చేతి డబ్బే. మాటలో సమానం, రూపాయిల్లో కాదు.

మూడు, మన మనసులు. 2015-16లో నింహాన్స్ వారు తమిళనాడుతో సహా 12 రాష్ట్రాల్లో జాతీయ సర్వే చేశారు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. మద్యం వ్యసనం ఉన్నవాళ్లలో 86 శాతం మంది చికిత్స అందనివాళ్లే. 2019లో ఎయిమ్స్ వారు ఇచ్చిన దేశవ్యాప్త నివేదిక ఇంకా సూటిగా చెప్పింది. మద్యానికి పూర్తిగా బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో చేర్చి వైద్యం చేయించుకున్నవాళ్లు 180 మందిలో ఒక్కరు.

ఇప్పుడు మన సంఘం విషయం. సభ్యుల కుటుంబాలకు గ్రూపు పాలసీ తీసుకోవాలని ఆలోచిస్తున్నాం. గుండె, మోకాలు, శుక్లాలు, డయాలిసిస్ అన్నిటికీ అందరూ సరే అన్నారు. మనసు జబ్బు, తాగుడు మాన్పించే చికిత్స అనగానే "మనవాళ్లలో అట్లాంటివి లేవు" అన్న మాట వినిపించింది. "పదిమంది కట్టిన డబ్బుతో తాగుబోతుకు వైద్యమా" అన్న మాట కూడా వచ్చింది. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు, సంఘం డబ్బు పైసా పైసా లెక్క చూసేవాళ్లు. అందుకే జవాబు కూడా లెక్కతోనే చెప్తాను.

మొదటి మాటకు జవాబు ఆ సర్వే అంకెలే. పదిలో ఒకరికి ఉన్నది మన ఇళ్లను మటుకు తప్పించుకొని పోదు. మనసు జబ్బును చేర్చాలా, వద్దా అన్నది మన ఇష్టంలో కూడా లేదు. కంపెనీ దాన్ని తీసేయడానికి వీల్లేదని పైన చెప్పాను.

రెండో మాటకు జవాబు ఇది. చుట్ట, సిగరెట్టు కాల్చినవాడికి గుండెపోటొస్తే మన పాలసీ డబ్బిస్తుంది. నోరు కట్టుకోలేక చక్కెర పెంచుకున్నవాడి కాలికి డబ్బిస్తుంది. హెల్మెట్ లేక కింద పడ్డ కుర్రాడి ఆపరేషనుకు కూడా చాలాసార్లు ఇస్తుంది. వీళ్లెవరినీ "కోరి తెచ్చుకున్నావు పో" అనం. తాగుడు మొదటి గ్లాసు కోరి తాగిందే, కాదనను. వ్యసనం ముదిరినవాడికి చేతులు వణకడం, మానిన రెండో రోజు ఫిట్స్ రావడం కోరిక కాదు. దానికి డాక్టరు కావాలి, లేకపోతే ప్రాణం పోవచ్చు. అప్పుడు చికిత్స కోసం పుస్తెలు అమ్మేది తాగినవాడు కాదు, వాడి ఇల్లాలు. ప్రీమియం కట్టినవాళ్లలో ఆవిడ కూడా ఉంది. బీమా అంటే పదిమంది భారాన్ని పంచుకోవడం, అందులో ఆవిడ భారాన్ని మాత్రం ఎందుకు వదిలేయాలి?

కంపెనీవాళ్ల భయానికీ జవాబుంది. జబ్బున్నవాళ్లే వచ్చి చేరతారన్న భయం విడిగా అమ్మే పాలసీల్లో ఉంటుంది. మన సంఘంలో చేరేవాళ్లు పెళ్లి సంబంధాలకు, ఉగాదికి, కార్తీక వనభోజనాలకు చేరతారు. ఎవరూ జబ్బు కోసం చేరరు. గ్రూపుకు ఉన్న బలం అదే, ఆ బలంతోనే మనం బేరమాడాలి.

కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం. సంతకం పెట్టే ముందు కంపెనీని ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి. మానసిక చికిత్సకు వేరే పరిమితి పెట్టారా, అసలు మొత్తమే వర్తిస్తుందా? వెయిటింగ్ పీరియడు ఎంత? ఓపీ, కౌన్సెలింగు కలిపితే ప్రీమియం ఎంత పెరుగుతుంది? 12వ మినహాయింపును గ్రూపుకు సడలించి, కనీసం ఒకసారి డీ-అడిక్షన్ చికిత్సకైనా డబ్బిస్తారా? దీంతోపాటు క్లెయిము కాగితాలు సంఘం ఆఫీసు మీదుగా పోకుండా, సభ్యుడి నుంచి నేరుగా కంపెనీకి పోయే ఏర్పాటు చేయండి. ఎవరికి ఏ జబ్బో మన నోటీసు బోర్డుకు, మన వాట్సాపుకు తెలియనక్కరలేదు. గుట్టు కాపాడితేనే మనుషులు ముందుకు వస్తారు.

సభ్యులకు కూడా రెండు మాటలు. ప్రపోజలు ఫారంలో పాత జబ్బు దాచవద్దు. దాస్తే ఆ కారణం మీదే క్లెయిము పోతుంది. చెప్పి తీసుకుంటే, 2024 నిబంధనల ప్రకారం ముందునుంచి ఉన్న జబ్బుకు వెయిటింగు 36 నెలలు మించకూడదు. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిము కొట్టేయకూడదు.

క్లెయిము తిప్పికొడితే ఆ ఉత్తరం పారేయకండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. అక్కడ కాకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. చెన్నై, బెంగుళూరు, భువనేశ్వరం, ముంబయి, పూణేల్లో ఆఫీసులున్నాయి. యానాంవాళ్లు పుదుచ్చేరి వైపు చూడకండి, యానాం హైదరాబాదు ఆఫీసు కిందికి వస్తుంది. బీమా ఉన్నా లేకపోయినా, ఏ వేళలోనైనా మాట్లాడడానికి టెలీ-మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరు 10న మొదలయింది, తెలుగులోనూ మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

కుష్టు రోగిని ఊరి బయట పెట్టిన రోజులు మన తాతలు చూశారు. క్షయ ఉన్న ఇంటికి పిల్లనివ్వని రోజులు మన తండ్రులు చూశారు. ఆ రెండూ ఈఎస్ఐ జాబితాలో మనసు జబ్బు పక్కన కూర్చున్నవే. మందులు వచ్చాయి, సర్కారు ఖర్చు పెట్టింది, మాటలు మారాయి. క్షయకు మందు వాడుతున్నానని ఇప్పుడు బల్ల ముందు నిలబడి చెప్పేవాళ్లున్నారు. ఈ జబ్బు విషయంలో చట్టం మనకంటే ముందు నడిచింది. వచ్చే సర్వసభ్య సమావేశంలో గ్రూపు పాలసీ తీర్మానం వస్తుంది. ఆ వరస చదివేటప్పుడు దయచేసి ఎవరూ నవ్వకండి, తల దించుకోకండి. మోకాలికి చెయ్యెత్తినట్టే దీనికీ చెయ్యెత్తండి.